సర్వర్ గది రిజిస్టరులో నా సంతకాలు

సంతకం పెట్టే ముందు చదవండర్రా అని నేనంటే మా ఇంట్లోవాళ్లే పకపకా నవ్వుతారు. నవ్వనివ్వండి. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో చదవకుండా నేను పెట్టిన సంతకాలకు లెక్కే లేదు, కాబట్టి ఆ మాట చెప్పే హక్కు అందరికన్నా నాకే ఎక్కువ. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం నాకు బాగా అలవాటైన పని. కంప్యూటర్ల పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు కాలకముందే పట్టుకుంటారేమోనన్న ఆశతో ఇది రాస్తున్నాను.

మాది ఒంగోలు. ఉద్యోగం మాత్రం మొదటి నుంచి చివరి దాకా ఢిల్లీ చుట్టుపక్కలే. ఆఖరి పన్నెండేళ్లు ఘాజియాబాద్‌లో ఒక ట్రస్టు ఆసుపత్రిలో కంప్యూటర్ సెక్షన్ చూశాను. సెక్షన్ అంటే ఏదో పెద్ద పటాలం అనుకునేరు. నేనూ, ఇంకో మనిషీ, అంతే. ఆ ఇంకో మనిషి ఆర్మీ సిగ్నల్స్‌లో పనిచేసి రిటైరై వచ్చిన హర్యానా ఆయన. ఆసుపత్రిలో అందరూ ఫౌజీ అనేవారు, నేనూ అలాగే అనేదాన్ని. ఆయన నన్ను మేడమ్‌జీ అనేవాడు.

మాకిద్దరికీ క్షణం పడేది కాదు. నాది చేతి వేగం. కీబోర్డు వంక చూడకుండా, పక్కవాళ్లతో మాట్లాడుతూనే టైపు చేసేదాన్ని. అది నాకు గొప్ప. ఫౌజీది ఒంటివేలు. ఒక్కో అక్షరాన్నీ వెతికి, గురి చూసి, కాలింగ్ బెల్ నొక్కినట్టు నొక్కేవాడు. "టైపు చేస్తున్నారా, మేకులు కొడుతున్నారా?" అని ఎగతాళి చేస్తే, "కామ్ పక్కా హోనా చాహియే, మేడమ్‌జీ" అనేవాడు తల ఎత్తకుండా. వేగం కాదు, పని పక్కాగా ఉండాలట. మధ్యాహ్నం మాత్రం నా గోంగూర పచ్చడి సగం ఆయన డబ్బాలోకీ, ఆయన సజ్జ రొట్టె సగం నా డబ్బాలోకీ వెళ్లిపోయేవి. కళ్లమ్మట నీళ్లు కారుస్తూనే ఆ పచ్చడి తినేవాడు, ఒక్కరోజు కూడా వద్దనలేదు.

ఆయనకు ఇంకో జబ్బు ఉండేది. రిజిస్టరు. నిలువుగీతల పొడుగాటి రిజిస్టరులో ప్రతిరోజూ హిందీలో అన్నీ రాసేవాడు. సర్వర్ గదిలోకి ఎవరొచ్చారు, ఏసీ ఎంత చల్లగా ఉంది, ఏ వైరు మార్చాం, చివరికి గోడ మీద బల్లి కనిపించినా రాసేవాడు. "ఇదంతా ఎవరు చదువుతారండీ?" అంటే, ఆర్మీలో రాయనిది జరగనట్టే లెక్క అనేవాడు. సాయంత్రం ఐదు కాగానే రిజిస్టరు నా ముందు పెట్టి, "మేడమ్‌జీ, దస్తఖత్" అని నిలబడేవాడు. నాకు హిందీ చదవడం రాక కాదు, ఓపిక లేక, గిలికి ఇచ్చేసేదాన్ని. పదకొండేళ్లలో ఒక్క పేజీ చదివిన పాపాన పోలేదు.

అలా ఉండగా మా ఆసుపత్రిలో గొంతు క్యాన్సర్ వాళ్ల కోసం ఒక కొత్త పని మొదలైంది. స్వరపేటిక తీసేసే ఆపరేషన్‌కు ముందే రోగి గొంతును రికార్డు చేసి దాచేవారు. తర్వాత ఆ రికార్డింగుల నుంచి ఫోన్‌లో మాట్లాడే యంత్రం తయారు చేస్తారు. మనిషి టైపు చేస్తే అది ఆ మనిషి గొంతుతోనే పలుకుతుంది. ఆ రికార్డింగులు దాచడానికి కొత్త సర్వర్ తెప్పించారు. రోగుల సొంత విషయాలు కాబట్టి అవి పరాయివాళ్ల చేతిలో పడకూడదు, ఎవరైనా డిస్కు ఊడబెరుక్కుపోయినా లోపలున్నది చదవలేకపోవాలి అని సూపరింటెండెంట్ గారి పట్టుదల. ఆయన పెద్ద డాక్టరు, మాటంటే మాటే.

పని పెద్దదేం కాదు. ఎనిమిది డిస్కులను జతచేసి, బయటికి ఒకే డిస్కులా కనబడేట్టు చేస్తాం. దాన్ని వర్చువల్ డిస్క్ అంటారు. రెండు డిస్కులు చచ్చినా మిగతా ఆరూ బండి లాగుతాయి. ఆ మొత్తానికి తాళం వేసేది సర్వర్‌లోని ఒక కార్డు. తాళానికి మనం ఒక రహస్య పదం ఇవ్వాలి. అది తెలిస్తే రేపు కార్డు పాడై కొత్తది పెట్టినా డిస్కులు తెరుచుకుంటాయి. తెలియకపోతే ఆ ఎనిమిదీ చెరిపేసి కొత్తగా మొదలుపెట్టుకోవడమే. బతిమాలినా, మొక్కుకున్నా తెరుచుకోవు.

ఆ పదం ఏ ఒక్కరి దగ్గరా ఉండకూడదని మా ఆసుపత్రి నియమం. మొదటి సగం నాది, రెండో సగం ఫౌజీది. నేను కొట్టేటప్పుడు ఆయన గోడవైపు తిరిగి, చేతులు వెనక్కి కట్టుకుని, బడిలో శిక్ష పడ్డ పిల్లాడిలా నిలబడ్డాడు. ఆయన కొట్టేటప్పుడు నేను తిరిగాను. చక్రాల బండి మీద ఉండే పాత కీబోర్డు అది. దానితో మేం ఎప్పుడూ బాణం గుర్తులూ ఎంటరూ తప్ప పెద్దగా కొట్టింది లేదు. నా సగం నాలుగు సెకన్లు. ఆయన సగానికి గోడ మీద సున్నం పెచ్చులన్నీ లెక్కపెట్టేశాను. తెర మీద చుక్కలు తప్ప అక్షరాలు కనపడవు. సరిచూసుకోవడానికి అదే పదం రెండోసారి అడుగుతుంది. మళ్లీ నేను, మళ్లీ ఆయన. రెండూ ఒకటేనని యంత్రం ఒప్పుకుంది. తాళం పడింది. ఒకసారి తాళం తీసి చూద్దామా అన్నాడు ఫౌజీ. "ఆకలేస్తోంది, తర్వాత చూద్దాం" అన్నాను. ఎవరి సగం వాళ్లు కాగితం మీద రాసి, కవర్లలో పెట్టి, లక్కతో సీలు వేసి సూపరింటెండెంట్ గారి బీరువాలో పెట్టించాం. సాయంత్రం రిజిస్టరు వచ్చింది. నేను ఫోన్‌లో ఎవరితోనో వాదులాడుతూ సంతకం గిలికేశాను.

ఆ కొత్త విభాగానికి వచ్చిన మొదటి తెలుగు మనిషి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడే ఓ ఫ్యాక్టరీలో ఫిట్టరుగా స్థిరపడ్డాయన. వెంట భార్య. నీటికాసుల జబ్బుతో, అదే గ్లాకోమాతో, ఆవిడకు అప్పటికే చూపు పూర్తిగా పోయింది. ఆయన చెయ్యి పట్టుకుని, ఆయన మాట పట్టుకుని నడిచేది. ఆ మాట పోబోతోంది. రాసి చూపిద్దామా అంటే ఆవిడకు కనపడదు. సైగ చేద్దామా అంటే అదీ అంతే. ఆ సంగతి తట్టినరోజు నాకు అన్నం సహించలేదు.

హిందీ వాక్యాల జాబితా తప్ప విభాగంలో తెలుగుది లేదు. తెలుగుదాన్ని నేనే కాబట్టి ఆరువందల వాక్యాలు రాసిమ్మన్నారు. ఎంతో శ్రద్ధగా, పుస్తకంలో అచ్చువేసినట్టు రాసిచ్చాను. ఆయన నాలుగు చదివి కాగితం పక్కన పెట్టేశాడు. అప్పటికే గొంతు బొంగురు. "బాగున్నాయమ్మా. గానీ ఇలగ మాటాడితే మా ఆడది ఎవుడో పరాయోడు ఇంట్లోకొచ్చీసినాడనుకుంటాది" అన్నాడు. ఆవిడ పక్కనుంచి కిసుక్కున నవ్వింది. అంతే, నా వాక్యాలన్నీ తన భాషలోకి మార్చి చదివాడు. ఆవిడ కూడా ఊరుకోలేదు. "అదీ ఎట్టండి, ఇదీ ఎట్టండి" అంటూ తనకు కావలసినవి చేర్పించింది. తొమ్మిది రోజులు పట్టింది. తర్వాత ఆపరేషన్ జరిగింది, గొంతు పోయింది. యంత్రం తయారయ్యేదాకా ఇద్దరూ ఒక ఏర్పాటు చేసుకున్నారు. స్టీలు గ్లాసు మీద వేలితో ఒకసారి కొడితే ఔను, రెండుసార్లు కొడితే కాదు.

ఆ తర్వాత మూడో వారంలో, ఒక సోమవారం పొద్దున, సర్వర్‌లోని కార్డు కాలిపోయింది.

బ్యాకప్ లేదా అని మీరు అడుగుతారు. అడగండి, పడతాను. ఆసుపత్రి కాగితాలన్నిటికీ ఉంది. ఈ కొత్త ఫోల్డరు పేరు ఆ జాబితాలో చేర్చాలి, నేను చేర్చలేదు. రేపు, రేపు అనుకుంటూ అక్కడిదాకా తెచ్చాను.

రెండు గంటలకు కంపెనీ మనిషి కొత్త కార్డు పెట్టి వెళ్లిపోయాడు. తెర మీద డిస్కులకు తాళం వేసి ఉందనీ, పదం కొట్టమనీ వచ్చింది. బీరువాలోంచి కవర్లు వచ్చాయి. నా కవరు నేను, ఆయన కవరు ఆయన విప్పుకున్నాం. బండి మీద ఇప్పుడు కొత్త కీబోర్డు. పాతది చూడ్డానికి అసహ్యంగా ఉందని నేనే తుక్కులో వేయించాను. ఫౌజీ గోడవైపు తిరిగాడు, నేను కొట్టాను. నేను తిరిగాను, ఆయన కొట్టాడు. తప్పు అంది. మళ్లీ కొట్టాం. మళ్లీ తప్పు. మూడోసారీ తప్పంటే మొత్తం ఆపి మొదలుపెట్టాలి. ఆ సర్వర్ లేవడానికి పన్నెండు నిమిషాలు పట్టేది. అలా మూడుసార్లు ఆపి లేపాం.

మూడింటికి సూపరింటెండెంట్ గారు స్వయంగా వచ్చారు. గొంతు ఆపరేషన్‌కు ఇంకో ఇద్దరు వచ్చి ఉన్నారు, వాళ్ల రికార్డింగు ఆగకూడదు. "నాలుగింటి దాకా చూడండి. ఆలోగా కాకపోతే డిస్కులు చెరిపేసి కొత్తగా తయారుచేయండి. ఉన్నవాళ్ల గొంతులైనా దక్కాలి కదా" అన్నారు. ఆయన మాటలో తప్పు లేదు. అదే నన్ను మరీ కాల్చింది.

వెనక్కి తిరిగితే గుమ్మంలో ఆ భార్యాభర్తలు. యంత్రం సంగతి కనుక్కుందామని వచ్చి, విషయం తెలిసి పొద్దుటి నుంచీ వరండా బెంచీ మీదే కూర్చున్నారట. ఆవిడ నా గొంతు గుర్తుపట్టింది.

"ఏటమ్మా, పెట్టె పాడైపోనాదంట గదా? మా ఆయన గొంతుక అందులోనే ఉండిపోనాదా?"

"చూస్తున్నామమ్మా" అన్నాను.

"సూడండి. దొరికినా సెప్పండి, దొరక్కపోయినా సెప్పండి. ఆయన్నడిగితే గ్లాసు ఒకపాలి కొడతన్నారు, దొరుకుతాదని. నన్ను ఊరుకోబెట్టడానికి అలగ కొడతన్నారేమోనని నాకు అనుమానం."

ఆయన తల వంచుకున్నాడు. చేతిలో గ్లాసు ఉంది.

నాకు ఏడుపు రావలసింది, కోపం వచ్చింది. నా బుద్ధే అంత. సూపరింటెండెంట్ గారు ఇంకా అక్కడే ఉండగా ఫౌజీ మీద విరుచుకుపడ్డాను. "మీ ఒంటివేలు టైపింగు ఏ అక్షరం మీద పడి చచ్చిందో! సరిగ్గా నాలుగు అక్షరాలు కొట్టడం చేతగాకపోతే చెప్పొద్దూ? ఒక మనిషి గొంతు పోగొట్టారు!" అని హిందీలో, వరండా అంతా వినపడేలా అరిచాను. నర్సులు తొంగిచూశారు.

ఫౌజీ అటెన్షన్‌లో నిలబడి విన్నాడు. చంకలో రిజిస్టరు ఉంది. సూపరింటెండెంట్ గారు "ఆప్ సే గల్తీ హుయీ క్యా?" అని, తప్పు మీదేనా అని అడిగితే, "హో సక్తా హై, సాబ్" అన్నాడు, అయ్యుండొచ్చని. ఆయన నిట్టూర్చి వెళ్లిపోయారు.

ఆయన అడుగుల చప్పుడు మెట్ల మీద ఆగాక ఫౌజీ సర్వర్ గది తలుపు మూసి, రిజిస్టరు తెరిచి నా ముందు పెట్టాడు. తాళం వేసిన రోజు పేజీ. వేలు ఒక వరుస మీద ఉంది. హిందీలో గుండ్రటి అక్షరాలతో ఇలా రాసుంది: బండి కీబోర్డులో తొమ్మిది అంకె మామూలుగా నొక్కితే పడటం లేదు, గట్టిగా నొక్కాలి. మేడమ్‌కు చెప్పాను. మేడమ్ ఫోన్‌లో ఉన్నారు.

కింద నా సంతకం. నిక్షేపంలా ఉంది.

నా సగంలో తొమ్మిది ఉంది. నా వేళ్లు దాని మీద నుంచి అలా తేలిపోయి ఉంటాయి. మొదటిసారీ పడలేదు, సరిచూసుకునే రెండోసారీ పడలేదు. రెండుసార్లూ ఒకే తప్పు కాబట్టి యంత్రం సరేనంది. కాగితం మీద మాత్రం శుభ్రంగా తొమ్మిదితో సహా రాసి సీలు వేశాను. ఆ పాత కీబోర్డే ఉండి ఉంటే ఇవాళ కూడా తొమ్మిది పడకపోయేది, తాళం తెరుచుకునేది, నా తప్పు ఎన్నటికీ బయటపడేది కాదు.

"మీ సగంలో?" అన్నాను.

"నాదాంట్లోనూ ఉంది మేడమ్‌జీ. ఎక్కడుందో చెప్పను. నేను బొటనవేలితో నొక్కాను."

"ఇది ఎప్పుడు చూశారు?"

"మూడోసారి మెషీన్ లేస్తున్నప్పుడు చూశాను. చెబుదామని వస్తుంటే సాబ్ వచ్చారు."

"మరి నేను అరుస్తుంటే చెప్పరేం? సార్ అడిగినా చెప్పరేం?"

ఆయనకు నా ప్రశ్నే అర్థం కానట్టు చూశాడు. "సాబ్ ఎదురుగా ఉన్నారు కదా, మేడమ్‌జీ" అన్నాడు.

పదకొండేళ్లు పక్కపక్కన కూర్చుని తిన్నాం. ఆయన పరువు నేను వరండాలో నలుగురి ముందూ తీస్తే, ఆయన నా పరువు చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. సిగ్గుతో చచ్చిపోయాను. ఊరికే రాసే మాట కాదిది, నిజంగా నేల చూస్తూ నిలబడిపోయాను.

"పెహలే కామ్", ముందు పని, అన్నాడు ఆయన మెల్లగా, గడియారం చూపించి. మూడూ ఇరవై.

కీబోర్డు ముందు కూర్చున్నాను. ఇంత జరిగాక కూడా ఆ మహానుభావుడు గోడవైపు తిరిగి, చేతులు వెనక్కి కట్టుకున్నాడు. నేను జీవితంలో మొదటిసారి ఒంటివేలితో కొట్టాను, ఒక్కో అక్షరం చూసుకుంటూ, తొమ్మిది వదిలేసి. తర్వాత నేను గోడవైపు తిరిగాను. అవే సున్నం పెచ్చులు. వెనకాల ఆయన వేలు టక్, టక్ మంటోంది. ఆ చప్పుడు ఆగాక తిరిగి చూడటానికి నాకు ధైర్యం చాల్లేదు.

"మేడమ్‌జీ, దేఖియే" అన్నాడు.

ఎనిమిది డిస్కులకూ పచ్చదీపాలు వెలిగాయి. ఆ ఫిట్టరుగారి ఫోల్డరు తెరిస్తే ఆరువందల చిల్లర ఫైళ్లు. తెరుచుకుంటే సరిపోదు, లోపల ఉన్నది పాడవలేదని తేలాలి. బయట మా బల్ల దగ్గరికొచ్చి, ఫౌజీ పొద్దున భజనలు వినే చిన్న స్పీకరును నా కంప్యూటర్‌కు తగిలించి, చేతికందిన ఫైలు ఒకటి నొక్కాను. వరండా తలుపు తెరిచే ఉందన్న సంగతి నేను చూసుకోలేదు.

"టీలోన పంచదార సరిపోనాదేటి?" అంది స్పీకరు. బొంగురుగా, ఆప్యాయంగా, ఆ మనిషి గొంతే.

బెంచీ మీద నుంచి ఆవిడ వెంటనే, ఏమీ ఆలోచించకుండా, "సరిపోనాది. నువ్వూ తాగు" అంది.

అన్నాక గానీ ఆవిడకు తెలియలేదు. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన పక్కనే కూర్చుని ఉన్నాడు, కళ్ల నిండా నీళ్లు. గ్లాసు మీద వేలితో కొట్టాడు. ఒకసారి. ఆవిడ ఆ వేలు పట్టుకుని వదల్లేదు.

నేను మా బల్ల మీద తల ఆనించి ఏడ్చాను. చిన్నగా కాదు, వెక్కివెక్కి. ఫౌజీ తలుపు దగ్గరకు వేసి, ఫ్యాను పెంచి, మంచినీళ్ల సీసా తెచ్చి పక్కన పెట్టాడు.

నాలుగింటికి సూపరింటెండెంట్ గారి గదికి ఇద్దరం వెళ్లాం. తప్పు నాదనీ, ఫౌజీది కాదనీ, ఆయన ముందే రాసి పెడితే నేను చదవకుండా సంతకం పెట్టాననీ చెప్పాను. వరండాలో అరిచాను కాబట్టి తిరిగొచ్చాక వరండాలో నర్సుల ముందు కూడా అదే చెప్పాను. ఫౌజీ ఇబ్బందిగా, "జానే దీజియే మేడమ్‌జీ", పోనివ్వండి, అంటూ ఉన్నాడు. జానే దీజియే ఏంటి, నా బొంద! బ్యాకప్ జాబితాలో ఆ ఫోల్డరు పేరు ఆ సాయంత్రమే చేర్చాను. తాళం పదం కూడా మార్చాం, కొత్త కీబోర్డుతో, ఈసారి తీసి చూసుకుని.

ఐదైంది. ఆయన మామూలుగానే రిజిస్టరు నా ముందు పెట్టి, "మేడమ్‌జీ, దస్తఖత్" అని నిలబడ్డాడు. పెన్ను పక్కన పెట్టి, కళ్లద్దాలు తుడుచుకుని, మొదటిసారి పేజీ మొత్తం చదివాను. కార్డు మార్చిన సమయం, ఎన్నిసార్లు ఆపి లేపామో, డిస్కులు తెరుచుకున్న సమయం, అన్నీ ఉన్నాయి. నేను అరిచిన సంగతి మాత్రం ఎక్కడా లేదు. ఆర్మీలో రాయనిది జరగనట్టే లెక్క అని ఆయనే కదా చెప్పాడు. అన్నిటికన్నా కింద చివరి వరుస ఇలా ఉంది: మూడూ నలభైకి మేడమ్ ఏడ్చారు. కారణం: గదిలో దుమ్ము.

తలెత్తి చూశాను. ఆయన సూటిగా గోడ వంక చూస్తున్నాడు.

పూర్తిగా చదివే, ఒక్క అక్షరం దిద్దకుండా, సంతకం పెట్టాను.